పదేళ్ళుగా కదలని నాన్న ఓబీఎం (బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు), యమహా 8 హెచ్‌పీ పట్టేసింది, ఎక్కడ మొదలెట్టాలి?

భీమిలి_కెరటం
అందరికీ నమస్తే. మా నాన్న మోటారు గురించి అడుగుదామని వచ్చాను. యమహా ఎండ్యూరో, 8 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, 165 సీసీ, టూ స్ట్రోక్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఫైబర్ బోటు రెండు ముక్కలైపోయింది, మోటారు మాత్రం ముందురోజే విప్పి భుజం మీద ఇంటికి మోసుకొచ్చేశాడు కాబట్టి అదొక్కటే మిగిలింది. ఆ తర్వాత నాన్న సొంత బోటు కట్టించుకోలేదు, వేరేవాళ్ళ బోట్ల మీద వేటకి వెళ్తున్నాడు, మోటారేమో గోనెసంచి కప్పుకుని వంటింటి వెనక పాకలో అలా ఉండిపోయింది. ఇప్పుడు వేట నిషేధం కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నాన్న ఖాళీ, నాకూ ఆఫీసువాళ్ళు ఇంటి నుంచి పని ఇచ్చారు, ఇద్దరం కూర్చుని బాగు చేద్దాం అనుకున్నాం.

స్టార్ట్ చేసే తాడు లాగితే అర అంగుళం కూడా రావట్లేదు. గట్టిగా లాగితే తాడు తెగుద్దేమో అని ఆపేశాను. నాకు బైక్ రిపేర్లు కొంచెం తెలుసు, ఓబీఎం ఎప్పుడూ విప్పలేదు. దయచేసి ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.

ఆటోనగర్ కుర్రాడు
బ్రో సింపుల్, పైన కవర్ తీసి ఫ్లైవీల్ (ఇంజన్ పైన తిరిగే బరువైన చక్రం) నట్టుకి పెద్ద పానా వేసి దానికి నాలుగడుగుల పైపు తగిలించి ఒక్క లాగు లాగు, వచ్చేస్తుంది. మా షాపులో ఆటో ఇంజన్లు అలాగే విడిపిస్తాం

కాకినాడ బాబాయ్
అలా చెయ్యకు బాబూ, ముందు ఆ పైపు పక్కన పెట్టు. ముప్పై ఏళ్ళు ఈ మోటార్లే విప్పాను కాబట్టి చెప్తున్నాను. పైపు వేసి లాగితే మూడిట్లో ఒకటి జరుగుద్ది, ఫ్లైవీల్ కింద తాళం, అంటే దాన్ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క తెగుద్ది, లేదా పిస్టన్ రింగు విరిగి పోర్టులో, అంటే సిలిండర్ గోడకున్న కన్నంలో ఇరుక్కుంటాది, లేదా కనెక్టింగ్ రాడ్డు వంగుద్ది. ఆ తర్వాత బాగు చెయ్యడానికి ఏమీ మిగలదు.

ముందసలు పట్టేసింది ఏదో తెలుసుకోవాలి కదా. మోటారు పట్టేసింది అని నా దగ్గరకి తెచ్చినవాటిల్లో చాలావాటికి పిస్టన్ బాగానే ఉండేది, గేర్‌బాక్సో తాడు డబ్బానో పట్టేసేది. కాబట్టి ఈ వరసలో చూడు. గేరు న్యూట్రల్‌లో ఉందా లేదా, చాలా మోడళ్ళలో గేరులో ఉంటే తాడు రానివ్వకుండా ఒక లాక్ ఉంటాది. అది కాకపోతే తాడు డబ్బా బోల్టులు తీసి పక్కన పెట్టి ఫ్లైవీల్ చేత్తో పట్టుకుని తిప్పి చూడు. ప్లగ్గులు రెండూ పీకేశాకే తిప్పు. అప్పుడూ కదలకపోతే కింద కాలు విప్పు, అంటే లోయర్ యూనిట్. అది ఊడొచ్చాక కూడా పైన తిరక్కపోతేనే ఇంజన్ పట్టేసినట్టు.

భీమిలి_కెరటం
బాబాయ్ గారూ చాలా థాంక్స్. గేరు న్యూట్రల్‌లోనే ఉంది. తాడు డబ్బా విప్పేశాం, తాడు విడిగా బాగానే వస్తోంది, స్ప్రింగు కూడా బానే ఉంది. ఫ్లైవీల్ మాత్రం కదలట్లేదు.

ఇంకో విషయం, ప్లగ్గులు పీకుదామని చూస్తే కింది సిలిండర్‌కి ప్లగ్గే లేదు! నాన్నని అడిగితే గుర్తొచ్చింది, అప్పుడెప్పుడో పక్కింటాయన మోటారుకి కావాలంటే పీకి ఇచ్చాడంట, మళ్ళీ పెట్టలేదు. గుడ్డముక్క దూర్చి ఉంది అంతే. టార్చి వేసి చూస్తే లోపల ఎర్రగా ఉంది.

కాకినాడ బాబాయ్
దొరికేసింది. పదేళ్ళు సముద్రం గాలి ఆ కన్నంలోంచి లోపలికెళ్ళింది. పై సిలిండర్ బాగుండొచ్చు, కిందది తుప్పు పట్టింది. అయినా లోయర్ యూనిట్ విప్పాకే ఖాయం చేసుకో.

గోదారి యానాం
ఓబీఎం విప్పేటప్పుడు లోయర్ యూనిట్ బోల్టులు ఊడినా కాలు కిందకి దిగకపోతే కంగారుపడొద్దండి. మా దానికి అలాగే అయింది, డ్రైవ్ షాఫ్ట్ పైన పళ్ళు ఉంటాయి చూడండి, అవి క్రాంక్‌లోకి దూరి ఉంటాయి, ఉప్పునీళ్ళకి అక్కడ తుప్పు పట్టి అతుక్కుపోద్ది. రెండు రోజులు నూనె వేసి, చెక్కతో అటూ ఇటూ సమానంగా కొడుతూ దించాం. ఒకవైపే కొడితే షాఫ్ట్ వంగుద్ది. గేరు రాడ్డు కనెక్షన్ కూడా విప్పారో లేదో చూస్కోండి, అది విప్పకుండా లాగేసి చాలామంది విరగ్గొట్టుకుంటారు.

భీమిలి_కెరటం
సరిగ్గా మీరు చెప్పినట్టే అయింది, నాలుగు వేళ్ళ సందు వచ్చి ఆగిపోయింది. మూడు రోజులు పొద్దున్నా సాయంత్రం నూనె పోసి, నాన్న తెడ్డు ముక్క పెట్టి కొడుతుంటే నేను లాగాను, నిన్న రాత్రి ఊడొచ్చింది. కాలు విడిగా గేర్లు తిరుగుతున్నాయి, ఫ్యాను (ప్రొపెల్లర్) తిరుగుతోంది. గేర్ ఆయిల్ మాత్రం టీ లాగా తెల్లగా వచ్చింది.

పైన ఫ్లైవీల్ ఇప్పటికీ కదలట్లేదు. అంటే ఇంజనే అన్నమాట.

పడవ లేని మనిషి
ఒక మాట చెప్తాను ఏమనుకోకు తమ్ముడూ. ఇంత కష్టం ఎందుకు, డీజిల్ లాంగ్‌టెయిల్ ఇంజన్ (పొడవాటి షాఫ్ట్ చివర ఫ్యాను ఉండేది) పెట్టుకుంటే పెట్రోలు ఖర్చు తగ్గుద్ది, స్పేర్లు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, మన తీరంలో చాలామంది అటే వెళ్ళారు. పాతది తూకానికి అమ్మెయ్.

భీమిలి_కెరటం
అన్నా మీరు చెప్పింది నిజమే, వేట లెక్కల్లో చూస్తే లాంగ్‌టెయిలే లాభం. కానీ ఈ మోటారు కొన్నప్పుడు నాన్న అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టాడు. నా చదువుకి ఫీజులు దీని మీద వచ్చిన చేపలతోనే కట్టాడు. తుఫాను ముందురోజు బోటు లాగడానికి మనుషులు దొరక్క మోటారొక్కటే తెచ్చుకున్నాడు. దీన్ని తూకానికి వెయ్యమని నేను ఆయన్ని అడగలేను. తిరిగితే ఒక చిన్న బోటు తీసుకుని ఇద్దరం గోస్తని నది సముద్రంలో కలిసే మొగలోనైనా తిప్పుకుంటాం.

పడవ లేని మనిషి
అర్థమైంది తమ్ముడూ. చెయ్యి, నేనూ ఫాలో అవుతా.

మిన్నెసోటా తెలుగోడు
హాయ్ అండి, నేను ఇక్కడ పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు బాగుచేస్తుంటాను, చలికాలం ఆరు నెలలు సరస్సులు గడ్డకట్టి ఉంటాయి కాబట్టి గ్యారేజీలో అదే పని. పక్క రాష్ట్రంలో మిల్వాకీ ఉంది, 1909లో ఓలే ఎవిన్‌రూడ్ తన మోటారు తయారుచేసింది అక్కడే, ఒకటిన్నర హార్స్‌పవర్, 28 కిలోల బరువు. యమహావాళ్ళు ఓబీఎంలలోకి దిగింది 1960లో. ఇంజన్ అమరిక చాలావరకు అదే కాబట్టి ఇక్కడి పద్ధతి మీ దానికీ పనికొస్తుంది.

నేను వాడేది ఏటీఎఫ్, అంటే పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్రటి ఆయిల్, దానికి సమానంగా అసిటోన్ కలుపుతాను. రెండూ కలిసి ఉండవు, విడిపోతాయి, పోసే ముందు ప్రతిసారీ సీసా బాగా ఊపాలి. అసిటోన్ పల్చన కాబట్టి సందుల్లోకి నూనెని లాక్కెళ్తుంది, తర్వాత అది ఆవిరైపోయి నూనె మిగులుతుంది. పెయింట్ షాపులో దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త, పెట్రోలు కంటే తక్కువేం కాదు, నిప్పు దగ్గర పెట్టొద్దు, పాకలో కాదు బయట చెయ్యండి.

ఇంకోటి, ఓబీఎంలో సిలిండర్లు పడుకుని ఉంటాయి. మోటారు నిలబెట్టి ప్లగ్గు కన్నంలో పోస్తే సగం బయటికి కారిపోతుంది. ముందు కార్బొరేటర్ తీసేసి, హ్యాండిల్ వైపు కిందకి వచ్చేలా పడుకోబెట్టండి, అప్పుడు ప్లగ్గు కన్నాలు ఆకాశం వైపు చూస్తాయి. అప్పుడు పోయండి.

కాకినాడ బాబాయ్
మంచి మాట చెప్పారు. మేము కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసేవాళ్ళం, అదీ పనిచేస్తాది కానీ రోజులు ఎక్కువ పడతాయి. ఏది పోసినా ఓపిక ముఖ్యం. బాబూ పోశాక ఏ సిలిండర్లో నిలుస్తోంది, ఏది కారిపోతోంది చూసి చెప్పు.

భీమిలి_కెరటం
గాజువాకలో ఏటీఎఫ్ దొరికింది, అసిటోన్ మా ఊళ్ళో పెయింట్ కొట్లోనే. నిన్న పోశాను. పై సిలిండర్లో పోసింది పోసినట్టు ఎగ్జాస్ట్ వైపు నుంచి కారిపోయింది. కింది దాంట్లో పోసింది 24 గంటలైనా అలాగే ఉంది, చుక్క దిగలేదు.

కాకినాడ బాబాయ్
సరిగ్గా ఉంది. రెండు సిలిండర్ల మోటార్లో ఒక పిస్టన్ పైకెళ్తే ఇంకోటి కిందకి ఉంటాది. నీ పై సిలిండర్ పిస్టన్ కిందకి దిగి ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుని ఉంది, అందుకే కారింది, అది మంచిదే. కింది పిస్టన్ పోర్టులు దాటి పైకి ఉంది, దాని పైన గోడ అంతా తుప్పు, రింగుల చుట్టూ సీలు వేసినట్టు పట్టేసింది. చుక్క కిందకి దిగడం మొదలైన రోజు మనం గెలిచినట్టు. రోజూ నింపు. తిప్పడానికి చూడకు.

ఓరుగల్లు చెరువు పడవ
అన్నా నాదొక డౌటు. మా దగ్గర చెరువు పడవకు ఇట్లనే ఒక మోటరుండె, గ్యాస్ టార్చితోని కాలబెడ్తే సిలిండర్ సాగి ఇడుస్తదన్నరు, కాలబెట్టినం గని ఇంకా గట్టిగ పట్టుకున్నది. ఎందుకట్ల అయితది?

మిన్నెసోటా తెలుగోడు
అది చాలామందికి తెలియని సంగతి. పిస్టన్ అల్యూమినియం, బోరు (పిస్టన్ తిరిగే సిలిండర్ రంధ్రం) లోపల ఉండేది ఇనుప లైనరు. అదే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండు రెట్లు సాగుతుంది. కాబట్టి మొత్తం వేడెక్కిస్తే పిస్టనే ఎక్కువ సాగి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. లాభం వేడిలో లేదు, వేడెక్కి చల్లారడంలో ఉంది. చల్లారేటప్పుడు పిస్టన్ ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి తుప్పు పొర పగులుతుంది, ఆ పగుళ్ళలోకి నూనె దిగుతుంది. బ్లాకు మీద మరిగే నీళ్ళు పోసి చల్లారనిచ్చి మళ్ళీ పోస్తూ నాలుగైదుసార్లు చేస్తే చాలు. టార్చి మంట వద్దు, అల్యూమినియం బ్లాకు పాడవుతుంది, లోపల అసిటోన్ ఉంటే ప్రాణానికే ప్రమాదం.

ఓరుగల్లు చెరువు పడవ
గిప్పుడు సమజైంది అన్నా. శాన థాంక్స్.

భీమిలి_కెరటం
తొమ్మిదో రోజు. మొన్నటి దాకా కదలని నూనె ఇవ్వాళ పొద్దున చూస్తే ఒక అంగుళం దిగింది! ఫ్లైవీల్ చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదిలిందో లేదో తెలియనంత చిన్న ఆట ఉంది. నాన్న చెయ్యి వేసి చూసి "ఊపిరాడతందిరా దీనికి" అన్నాడు. ఇప్పుడు తిప్పెయ్యమంటారా?

కాకినాడ బాబాయ్
వద్దు వద్దు. ఇప్పుడే అసలు తప్పు చేస్తారు అందరూ. పిస్టన్ పైన బోరు గోడంతా తుప్పు ఉంది. నువ్వు తిప్పితే పిస్టన్ పైకెళ్ళి ఆ తుప్పు మీద రింగులు గీరుకుని విరుగుతాయి. ముందు హెడ్డు, అంటే సిలిండర్ల మూత తియ్. హెడ్డు తీశాక బోరులో పట్టేంత సైజు గుండ్రటి చెక్క తీసుకుని పిస్టన్ మీద పెట్టి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, కిందకి పంపు. కింద గోడ బాగుంటాది కాబట్టి సులువుగా జారుద్ది. అప్పుడు పైన తుప్పు శుభ్రంగా గీకి, తుడిచి, నూనె రాసి, ఆ తర్వాతే పైకి తీసుకురా.

హెడ్డు బోల్టుల దగ్గర జాగ్రత్త. స్టీలు బోల్టు, అల్యూమినియం బ్లాకు, మధ్యలో ఉప్పు, మూడూ కలిస్తే తెల్లటి సున్నంలాగా పేరుకుని బోల్టుని మింగేస్తాది. ఒక్కసారిగా తిప్పకు. తల మీద సుత్తితో రెండు దెబ్బలు, నూనె, కొంచెం బిగించు, కొంచెం వదులు. బిగించాక వదలడం, అది గుర్తుపెట్టుకో.

భీమిలి_కెరటం
ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి బాబాయ్ గారూ. ఆ ఒక్కటీ తల విరిగిపోయింది. చాలా జాగ్రత్తగానే తిప్పాం, అయినా టక్కుమంది. హెడ్డు మాత్రం చెక్క సుత్తితో తట్టి ఊడదీశాం, ఇప్పుడు ముక్క ఒక సెంటీమీటరు బయటికి కనిపిస్తోంది. డ్రిల్ వేసెయ్యనా?

ఆటోనగర్ కుర్రాడు
డ్రిల్ వద్దు అన్నా, బయటికి ముక్క ఉంది కదా అదృష్టం. దాని మీద ఒక నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేయించు. ఆ వేడికి బోల్టు చుట్టూ ఉన్న సున్నం పొడైపోద్ది, నట్టు చల్లబడ్డాక పానా వేసి తిప్పితే వచ్చేస్తాది. మేము రోజూ చేసే పనే. వెల్డింగ్ ముందు అసిటోన్, పెట్రోలు మొత్తం తుడిచేసి గాలి కొట్టండి, పాకలోంచి బయటికి తెచ్చి చేయించండి. మొదట్లో పైపు వెయ్యమన్నది నేనే, బాబాయ్ చెప్పింది చదివాక అర్థమైంది, సారీ.

కాకినాడ బాబాయ్
సారీ ఎందుకురా, ఇప్పుడు చెప్పింది బంగారం లాంటి మాట.

భీమిలి_కెరటం
వచ్చేసింది! రెండో ప్రయత్నానికే నట్టుతో సహా తిరిగింది. తమ్ముడూ ఆటోనగర్, నీకు చాలా థాంక్స్.

ఇంక అసలు వార్త. నిన్న సాయంత్రం సరుగుడు దుంగ ముక్కని బోరు సైజుకి చెక్కి పిస్టన్ మీద పెట్టాం. నాన్న చిన్న సుత్తితో కొడుతున్నాడు, నేను ఫ్లైవీల్ పట్టుకున్నా. ఇరవై, ముప్పై దెబ్బలు, ఏం లేదు. మళ్ళీ నూనె వేసి టీ తాగొచ్చి మొదలెట్టాం. ఒక దెబ్బకి శబ్దం మారింది, ఇంతవరకూ టక్ టక్ అన్నది థడ్ అంది, నా చేతిలో ఫ్లైవీల్ కదిలింది. పదేళ్ళ తర్వాత. నాన్న సుత్తి కింద పెట్టేసి కాసేపు ఏం మాట్లాడలేదు.

పైన తుప్పు గీకి తుడిచి, నూనె రాసి, మెల్లగా తిప్పితే రెండు పిస్టన్లూ వెళ్ళొస్తున్నాయి. పై బోరు అద్దంలా ఉంది. కింది బోరులో మాత్రం పై భాగంలో చిన్న చిన్న గుంటలు, గోరు పెడితే తగులుతున్నాయి.

మిన్నెసోటా తెలుగోడు
కంగ్రాట్స్ అండి! గోరుకి తగిలితే హోనింగ్‌తో (గోడని రాయితో పైపైన రుద్దడం) పోదు, బోరు చేయించాల్సిందే, అంటే లేత్ మీద రంధ్రాన్ని కొంచెం పెద్దది చేయించాలి. మరకలా కనిపిస్తూ గోరుకి తగలకపోతే హోన్ చాలు. టూ స్ట్రోక్ బోరుకి హోన్ చేసేటప్పుడు మూడు రాళ్ళ హోన్ వాడొద్దు, రాయి పోర్టులో తగులుకుని విరుగుతుంది, ముత్యాల గుత్తిలా ఉండే బాల్ హోన్ వాడాలి.

కాకినాడ బాబాయ్
బోరు చెయ్యాలంటే ఎలాగూ క్రాంక్ బయటికి రావాల్సిందే. అదీ మంచిదే, బేరింగులు కళ్ళతో చూడొచ్చు. టూ స్ట్రోక్ మోటార్లో క్రాంక్ కింద ఆయిల్ గది ఉండదు, పెట్రోలులో కలిపిన ఆయిలే బేరింగులకి ఆధారం, కాబట్టి పదేళ్ళు ఖాళీగా ఉంటే ముందు దెబ్బతినేవి అవే. సూది బేరింగుల మీద తుప్పు చుక్క ఉన్నా మార్చెయ్. పిస్టన్ వదిలిందని సంబరపడి అలాగే బిగించేస్తే నడిసముద్రంలో రాడ్డు విరుగుద్ది. అక్కడ ప్రాణాలు ఉంటాయి.

క్రాంక్ రెండు చివర్లా ఉన్న ఆయిల్ సీళ్ళు అడక్కుండా మార్చెయ్. అవి గాలి లాగితే మిశ్రమం పల్చబడి కొత్త పిస్టన్ కూడా మళ్ళీ పట్టేస్తాది. క్రాంక్‌కేస్ రెండు ముక్కల మధ్య పేకింగు ఉండదు, దానికోసం తయారుచేసిన గమ్ము పల్చగా రాయాలి, బాత్రూమ్ సిలికాన్ రాసేవాళ్ళని చూశాను, అది ఊడి లోపల పడుద్ది.

లేత్ అతనికి ఇచ్చేటప్పుడు ముందు ఓవర్‌సైజు పిస్టన్ కొని చేతిలో పెట్టు, పిస్టన్ కొలిచి బోరు చెయ్యమను, బోరు చేశాక పిస్టన్ వెతుక్కోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బోరు చేశాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి, వాటిని కొంచెం గుండ్రం చెయ్యమను. బైకు బోర్లు చేసేవాళ్ళలో కొందరు ఇది మర్చిపోతారు, రింగు అంచుకి తగిలి మొదటి గంటలోనే విరుగుద్ది.

భీమిలి_కెరటం
రాసుకున్నాను అన్నీ.

(రెండు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి, పిస్టన్ రావడానికే పది రోజులు పట్టింది. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్, రింగులు, సీళ్ళు, పేకింగుల సెట్టు, వాటర్ పంపు ఇంపెల్లర్ తెప్పించాను. క్రాంక్ బేరింగులు రెండు బాగున్నాయి, కింది రాడ్డు సూది బేరింగు మీద మచ్చ ఉంది, మార్చేశాం. లేత్ ఆయన ముసలాయన, పోర్టుల సంగతి నేను చెప్పకముందే ఆయనే చెప్పాడు. హెడ్డుని మందపాటి అద్దం మీద నీళ్ళ గరుకు కాగితం పెట్టి ఎనిమిది ఆకారంలో రుద్ది సమం చేశాం. పిస్టన్ రింగు మూతి దగ్గర చిన్న పిన్ను ఉంది, రింగు సందు దాని మీద కూర్చోబెట్టే ఎక్కించాం. బోల్టులన్నిటికీ మెరైన్ గ్రీజు రాశాం.

ఇప్పుడు కంప్రెషన్ పైది 105, కిందది 110 పీఎస్ఐ. కానీ కరెంటు రావట్లేదు, ప్లగ్గు బాడీకి ఆనించి లాగితే ఒక్క నిప్పురవ్వ కూడా లేదు. సీడీఐ (ప్లగ్గుకి రవ్వ పంపే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయిందా?

గోదారి యానాం
సీడీఐ కొనకముందు ఒక్కటి చెయ్యండి. స్టాప్ బటన్ వైరు విప్పేసి లాగండి. ఆ బటన్ నొక్కితే కరెంటు బాడీకి వెళ్ళిపోయి ఇంజన్ ఆగుతుంది కదా, లోపల ఉప్పు పట్టి ఎప్పుడూ నొక్కినట్టే ఉండిపోతుంది. అలాగే ప్లగ్గు కొన బాడీకి ఆనించకుండా తాడు లాగొద్దండి, సీడీఐ నిజంగానే పోద్ది.

భీమిలి_కెరటం
వైరు విప్పగానే నీలం రంగు రవ్వ, టక్ టక్ అని! బటన్ మార్చి, కొత్తది ఆపుతుందో లేదో కూడా చూశాను.

పడవ లేని మనిషి
కార్బొరేటర్ సంగతి చూశావా తమ్ముడూ? ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, నీళ్ళని లాక్కుంటుంది, పాత రబ్బరు పైపులు మెత్తబడిపోతాయి. మోటారు పాతది కాబట్టి పెట్రోలు పైపులు, పంపులో పొర రెండూ కొత్తవి వెయ్యి. వేట అయ్యాక పైపు పీకి కార్బొరేటర్లో ఉన్నది కాలిపోయేదాకా నడిపి ఆపెయ్, దాంట్లో నిలవ ఉంచొద్దు.

భీమిలి_కెరటం
పైపులు మార్చాం అన్నా. కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది, జెట్ కన్నాల్లో ఇనుప తీగ పెట్టకుండా క్లీనరుతో నానబెట్టి గాలి కొట్టించాం.

మిన్నెసోటా తెలుగోడు
ఆయిల్ మాత్రం బైకు టూటీ ఆయిల్ వాడొద్దు, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే కొనండి. బైకు ఆయిల్లో బూడిద మిగిల్చే పదార్థాలు ఉంటాయి, నీళ్ళతో చల్లబడే ఓబీఎంలో అవి పిస్టన్ మీద పేరుకుంటాయి. కొత్త రింగులు కాబట్టి మొదటి 10 గంటలు లీటరుకి 40 మిల్లీలీటర్లు, అంటే 25కి 1. తర్వాత మీ మాన్యువల్‌లో ఉన్న కొలత.

కాకినాడ బాబాయ్
లోయర్ యూనిట్ ఎక్కించేటప్పుడు షాఫ్ట్ పళ్ళకి గ్రీజు రాయి, పై చదును మీద మాత్రం రాయొద్దు, గ్రీజు ఇరుక్కుని షాఫ్ట్ పూర్తిగా లోపలికి పోదు. గేర్ ఆయిల్ తెల్లగా వచ్చిందన్నావు కదా, ఫ్యాను షాఫ్ట్ సీళ్ళు మార్చు, అక్కడ నైలాన్ వల దారం చుట్టుకుని సీలు కోసేస్తాది, చూడు ఉంటాది. కొత్త ఆయిల్ కింది కన్నంలోంచి ఎక్కించు, పై కన్నంలోంచి బుడగలు లేకుండా వచ్చేదాకా.

భీమిలి_కెరటం
నిజంగానే దారం ఉంది బాబాయ్ గారూ, ఒక మూర పొడవు. నాన్న చూడగానే అది ఏ వలదో కూడా చెప్పాడు, కవళ్ళ వలంట.

ఈ రోజు డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేశాం. ఐదో లాగుడికి పట్టుకుంది!! మొదట తెల్లటి పొగ, ఊరంతా వచ్చింది. కానీ 20 సెకన్లలో ఆపేశాను, వెనక చిన్న కన్నంలోంచి నీళ్ళు రావట్లేదు. ఇంపెల్లర్ కొత్తది, డ్రమ్ములో నీళ్ళు ప్లేటు పైదాకా ఉన్నాయి. ఏం చెయ్యాలి?

కాకినాడ బాబాయ్
ఆపి మంచి పని చేశావ్. ఇంపెల్లర్ రెక్కలు తిరిగే దిక్కుకి వ్యతిరేకంగా వాలి ఉన్నాయా? తాళం ముక్క పెట్టావా? రెండూ సరే అయితే నీళ్ళు పడే చిన్న కన్నంలో మందపాటి నైలాన్ దారం దూర్చి చూడు.

భీమిలి_కెరటం
కుమ్మరి పురుగు! ఆ చిన్న గొట్టం లోపల మట్టితో గూడు కట్టేసింది. గొట్టం పీకి కడిగి పెట్టి మళ్ళీ స్టార్ట్ చేస్తే నీళ్ళు చేతి మీద కొట్టినట్టు వస్తున్నాయి. హెడ్డు మీద చెయ్యి పెట్టగలుగుతున్నాను, మరీ వేడి లేదు. పది నిమిషాలు నెమ్మదిగా నడిపాం.

ఓరుగల్లు చెరువు పడవ
మస్తు ఖుషీ అనిపించింది అన్నా చదువుతుంటే. వీడియో వెట్టు.

గోదారి యానాం
ఒక్కటి మర్చిపోవద్దు, కింద ప్లేటు దగ్గర ఉండే జింకు ముక్క మార్చి, దాని మీద రంగు వెయ్యకండి. రంగు వేస్తే అది పనిచెయ్యదు, ఉప్పునీళ్ళు దాన్ని తినాల్సింది పోయి మోటారు బాడీని తింటాయి. రోజూ వేట నుంచి రాగానే మంచినీళ్ళ డ్రమ్ములో ఐదు నిమిషాలు నడపండి. పొరపాటున మోటారు ఎప్పుడైనా నీళ్ళలో మునిగిపోతే వెంటనే మంచినీళ్ళతో కడిగి, ప్లగ్గులు తీసి నీళ్ళు ఒంపేసి, నూనె పోసి అదే పూట స్టార్ట్ చెయ్యండి. ఆ పూట కుదరకపోతే గాలికి వదలొద్దు, మంచినీళ్ళలోనే ముంచి ఉంచండి.

భీమిలి_కెరటం
జూన్ 16. నిషేధం అయిపోయింది. మావయ్య వాళ్ళ చిన్న బోటు అడిగి నిన్న తెల్లారుజామున గోస్తని మొగ దగ్గర దింపాం. మొదటి గంట సగం స్పీడు దాటలేదు, ఒకే స్పీడులో కాకుండా పెంచుతూ తగ్గిస్తూ నడిపాం. హ్యాండిల్ నాన్న నాకు ఇచ్చి తను ముందు కూర్చున్నాడు, కాసేపటికి "గేసు తగ్గించు, కెరటం వస్తంది" అని వెనక్కి చూడకుండానే చెప్పాడు, చిన్నప్పుడు నేను ముందు కూర్చుంటే ఆయన వెనక నుంచి చెప్పేవాడు.

తిరిగొచ్చాక ప్లగ్గులు పీకి చూశాను, రెండూ ఇటుక రంగు. గేర్ ఆయిల్ స్క్రూ తీసి ఒక చుక్క చూశాను, నల్లగా శుభ్రంగా ఉంది, నీళ్ళు లేవు. రెండు గంటలు అయ్యాయి, ఇంకా ఎనిమిది గంటలు 40 మిల్లీలీటర్ల మీదే నడుపుతాం.

కాకినాడ బాబాయ్
పది గంటలయ్యాక మోటారు చల్లారనిచ్చి హెడ్డు బోల్టులు మళ్ళీ ఒకసారి కొలత ప్రకారం బిగించు, మధ్యలోంచి బయటికి. నాన్నగారికి నా నమస్కారం చెప్పు.